పాత జీపు – ఇంటి వద్ద సంరక్షణ

సదుం, సోమల, చౌడేపల్లె ప్రాంతాలలో తారురోడ్డు దిగిన వెంటనే నేల స్వభావం మారిపోతుంది. ఎర్రమట్టి, నడుమ నడుమ తేలిన బండలు, వానలు పడితే పారే వంకలు, కొండవాలున మామిడి తోపులు, టమాటా మళ్లు. ఎద్దులబండి పోయే దారులలో పోగలిగి, ఎద్దులబండి మోయలేనంత సరుకును తెల్లవారేసరికి మదనపల్లె మార్కెట్టుకు చేర్చగలిగిన బండిగా జీపు ఈ పల్లెలకు అలవాటయింది. కొత్తరకం బండ్లు ఎన్ని వచ్చినా, తండ్రుల నాటి జీపును ఇంకా నడుపుకొంటున్న కుటుంబాలు లేకపోలేదు. అటువంటి బండిని షెడ్డుకు తీసికొని పోతే "దీనికి సామాను దొరకదు, అమ్మేసుకోండి" అనే మాట తరచుగా వినిపిస్తుంది. అమ్మడమా, ఉంచుకోవడమా అన్నది యజమాని ఇష్టం. కాని ఉంచుకోదలచినవారు ఒక విషయం గుర్తించాలి. జీపు ముసలితనం వలన చెడిపోవడం కంటె, దాని నాలుగు చక్రాల ఏర్పాటు ఎట్లా పనిచేస్తుందో తెలియక నడపడం వలన, తెలియక విప్పి బిగించడం వలన చెడిపోవడమే ఎక్కువ. ఆ ఏర్పాటును తెలిసికొనడానికి ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రం చాలును.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, అమెరికా సైన్యం కోసం విల్లీస్ సంస్థ రూపొందించిన ఎం.బి. అనే నమూనా నేటి జీపులకు మూలపురుషుడు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో బొంబాయిలోని మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల భాగాలను తెప్పించి ఇక్కడ కూర్చడం ప్రారంభించింది, తర్వాత సి.జె. 3బి అనే నమూనాను ఇక్కడే తయారు చేసింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడూ, 1959లో పంచాయతీ సమితులు ఏర్పడినప్పుడూ అధికారులు పల్లెలకు వచ్చింది ఈ బండ్లలోనే. "సమితి జీపు" అనే మాట పెద్దలకు ఇప్పటికీ గుర్తున్నది. తర్వాతి కాలపు జీపులలో డీజిలు ఇంజన్లు వచ్చాయి. పాత పెట్రోలు ఇంజనును తీసివేసి డీజిలుది పెట్టుకొన్నవారూ ఉన్నారు. ఇంజను ఏదైనా, దాని వెనుక ఉన్న ఇరుసుల ఏర్పాటు మాత్రం చాలాకాలం పెద్దగా మారలేదు. ఇంజను సంగతి తెలిసినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు గనుక ఈ వ్యాసంలో దానిని గురించి కొద్దిగానే చెప్పి, జీపును జీపుగా చేసే భాగాలను గురించి ఎక్కువగా చెబుతాను.

శక్తి ప్రయాణం

ఇంజనులో పుట్టిన శక్తి క్లచ్చి ద్వారా గేరుపెట్టెకు వస్తుంది. మామూలు కారులో అక్కడినుండి ఒకే జత చక్రాలకు పోతుంది. జీపులో గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరొక పెట్టె ఉంటుంది. వచ్చిన శక్తిని ముందు ఇరుసుకు కొంత, వెనుక ఇరుసుకు కొంత పంచిపెట్టడం దాని పని. డ్రైవరు పక్కన గేరుకడ్డీతోపాటు కనిపించే చిన్న కడ్డీలు దానివే. ఒకటి ముందు ఇరుసును కలుపుతుంది. రెండవది వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే తక్కువ గేరును వేస్తుంది. కొన్ని జీపులలో ఈ రెండు పనులనూ ఒకే కడ్డీ చేస్తుంది.

ఈ పళ్లచక్రాల వలన ఎంత బలం పెరుగుతుందో లెక్క వేద్దాం. సి.జె. 3బి జీపు మొదటి గేరులో భ్రమణం 2.8 రెట్లు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు తక్కువ గేరులో 2.46 రెట్లు, ఇరుసులోని పళ్లచక్రాల వద్ద 5.38 రెట్లు తగ్గుతుంది. ఈ మూడింటినీ గుణిస్తే 37 వస్తుంది. అనగా ఇంజను 37 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుందన్నమాట. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ ఉంటే జీపు గంటకు 7 కిలోమీటర్ల వేగంతో, మనిషి వడిగా నడిచినట్లు పోతుంది. వేగం ఎంత తగ్గిందో, ఘర్షణకు పోయినది పోగా, తిప్పే బలం అంత పెరుగుతుంది. ఆ ఇంజను ఇవ్వగల గరిష్ఠ టార్కు సుమారు 155 న్యూటన్ మీటర్లు. 37తో గుణించి, దారిలో నష్టమయ్యేది ఐదవవంతుకు కొంచెం తక్కువ అనుకొంటే, చక్రాల వద్ద 4,700 న్యూటన్ మీటర్లు మిగులుతాయి. చక్రం వ్యాసార్ధం 0.35 మీటరు. కాబట్టి టైర్లు నేలను వెనక్కు నెట్టగల బలం సుమారు 13,000 న్యూటన్లు. బరువుతో కలిసి 1,500 కిలోల జీపు మీద భూమ్యాకర్షణ 14,700 న్యూటన్లు. అంటే జీపు తన బరువుకు దాదాపు సమానమైన బలంతో లాగగలదు!

ఇరుసులోని 5.38 అనే సంఖ్యను విద్యార్థులు స్వయంగా కనిపెట్టవచ్చు. చదునైన మైదానంలో జీపును న్యూట్రలులో ఉంచి, వెనుక టైరు మీద, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీతలు పెట్టాలి. నలుగురు కలిసి బండిని మెల్లగా, తిన్నగా తోస్తుంటే, చక్రం 8 చుట్లు తిరిగేసరికి షాఫ్టు 43 చుట్లు తిరుగుతుంది. చక్రం ఎనిమిది చుట్లకు 18 మీటర్ల చోటు చాలును. లెక్కపెట్టేవారు పక్కన నడుస్తూ చూడాలి గాని బండి కిందికి వంగకూడదు. ఒకరు స్టీరింగు వద్ద బ్రేకు మీద కాలుంచి కూర్చోవాలి. కొన్ని నమూనాలలో ఈ నిష్పత్తి వేరుగా ఉంటుంది. మీ జీపులో ఎంత వచ్చిందో వ్రాసి పెట్టుకోండి. సామాను కొనేటప్పుడు పనికివస్తుంది.

ఇంత బలం నిజంగా నేలకు అందుతుందా? అందదు. టైరుకూ నేలకూ మధ్య ఉన్న ఘర్షణ ఎంత ఒప్పుకొంటుందో అంతే అందుతుంది. తడిసిన ఎర్రమట్టి మీద ఘర్షణ గుణకం 0.4 అనుకొందాం. బరువు ముందూ వెనుకా సగం సగం పడుతున్నదనుకొంటే, వెనుక చక్రాలు మాత్రమే తిరిగే బండి 2,940 న్యూటన్లకు మించి నెట్టలేదు; నాలుగు చక్రాలూ తిరిగితే 5,880 వరకు నెట్టగలదు. ఇక దారి వెంట నాలుగు మీటర్లు పోతే ఒక మీటరు పైకి లేచే ఏటవాలును తీసికొందాం. దాని మీద 1,500 కిలోల బండిని కిందికి లాగే బలం 3,675 న్యూటన్లు. రెండు చక్రాల బండి అక్కడ టైర్లు తిప్పుకొంటూ నిలబడిపోతుంది. జీపు ఎక్కిపోతుంది. జీపు గొప్పతనమంతా ఇంజను బలంలో ఉన్నదని చాలామంది అనుకొంటారు. అసలు గొప్పతనం బండి బరువునంతా పట్టుగా మార్చుకోవడంలో ఉన్నది.

ఇంజను 13,000 న్యూటన్లు ఇవ్వగలిగినా టైరు 5,880 దగ్గరనే జారిపోతున్నది గదా. ఆ జారుడు వలననే పళ్లచక్రాలు, షాఫ్టులు, క్రాసులు విరగకుండా బ్రతుకుతున్నాయి. బురదలో టైరు జారడం నష్టమని డ్రైవరు తిట్టుకొంటాడు గాని, లోపలి ఇనుముకు అది రక్ష. జారడానికి వీలులేని చోట ఏమవుతుందో చూద్దాం.

తారురోడ్డు మీద ముందు ఇరుసు

జీపు మలుపు తిరుగుతున్నప్పుడు ముందు చక్రాలు పోయే వలయం, వెనుక చక్రాలు పోయే వలయం ఒకటి కాదు. ఇరుసుల మధ్య దూరం 2.03 మీటర్లు. వెనుక ఇరుసు నడిమధ్య భాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతున్నదనుకొంటే, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ముందు ఇరుసు నడిమధ్య భాగం 5.4 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. ఒక పూర్తి చుట్టులో వెనుక ఇరుసు 31.4 మీటర్లు, ముందు ఇరుసు 33.9 మీటర్లు పోతాయి. రెండున్నర మీటర్ల తేడా. అనగా ముందు చక్రాలు ఒక చుట్టుకు పైగా ఎక్కువ తిరగాలి. ముందు షాఫ్టు ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి. పాత జీపులో ముందు ఇరుసును కలిపినప్పుడు రెండు షాఫ్టులూ ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. ఆరు చుట్ల తేడాను అవి ఒప్పుకోవు. మట్టి మీద టైరు కొంచెం కొంచెంగా జారి ఈ తేడాను సర్దుతుంది. తారు మీద జారదు. తేడా అంతా షాఫ్టులలో మెలికగా చేరుకొంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, కడ్డీ ఎంత లాగినా ముందు ఇరుసు విడిపోదు. "గేరు పట్టేసింది" అని సుత్తితో కొట్టినవారిని చూశాను. అక్కడ చెడిపోయినది ఏమీ లేదు. బండిని నాలుగు గజాలు వెనక్కు నడిపితే, లేదా ఒక చక్రాన్ని మట్టి అంచున దింపితే మెలిక విడిపోయి, కడ్డీ వేలితో లాగినా వస్తుంది.

మలుపు లేకపోయినా ఈ చిక్కు రావచ్చు. ముందు టైర్లు అరిగి, వెనుక కొత్త టైర్లు వేశారనుకొందాం. వ్యాసార్ధంలో తేడా ఒక్క సెంటీమీటరే, 34కు 35. ఒక కిలోమీటరు పోయేసరికి ముందు చక్రం 468 చుట్లు, వెనుక చక్రం 455 చుట్లు తిరగాలి. ఒక్క కిలోమీటరులో పదమూడు చుట్ల తేడా! కాబట్టి జీపుకు టైర్లు మార్చేటప్పుడు జతలుగా కాక నాలుగూ ఒకే కొలతవి ఉండేటట్లు చూసికొనాలి. అది కుదరనివారు స్టెప్నీతో కలిపి ఐదు టైర్లను వంతులవారీగా మారుస్తూ సమంగా అరిగేటట్లు చూడాలి. గాలి కూడ నాలుగింటిలో పుస్తకంలో చెప్పినట్లు ఉండాలి.

తారురోడ్డు మీద ముందు ఇరుసు వద్దు అనగానే కొందరు దానిని సంవత్సరాల తరబడి ముట్టుకోరు. అదీ మంచిది కాదు. పళ్లచక్రాల పైభాగానికి నూనె అందేది అవి తిరిగినప్పుడు చిమ్మడం వలన. ముందు చక్రాలకు విడదీసే హబ్బులు అమర్చుకొన్న జీపులలో, అవి తెరిచి ఉంచితే ముందు పళ్లచక్రాలు ఎన్నడూ తిరగవు. పైభాగం పొడిబారి తుప్పు పడుతుంది. నెలకొకసారి పొలం దారిలో నాలుగైదు కిలోమీటర్లు ముందు ఇరుసు కలిపి నడిపితే ఈ బెడద ఉండదు.

బండి కిందికి దూరేముందు

ఇంటి వద్ద పనిచేసేవారు అన్నింటికంటె ముందు తెలిసికొనవలసినది చేతిబ్రేకు సంగతి. పాత విల్లీస్ రకం జీపులలో చేతిబ్రేకు చక్రాల మీద పనిచేయదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట ఉన్న చిన్న డ్రమ్మును పట్టుకొంటుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నంతవరకు దానితో ఏ ప్రమాదమూ లేదు. ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపారనుకోండి. షాఫ్టు బిగిసి ఉన్నది, కాని షాఫ్టుకూ చక్రాలకూ మధ్య డిఫరెన్షియల్ ఉన్నది. షాఫ్టు కదలకపోయినా, లేచిన చక్రం వెనక్కు తిరుగుతూ నేల మీది చక్రాన్ని ముందుకు తిరగనిస్తుంది. ఆ ఏర్పాటు చేయబడినదే రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగడానికి గదా! కాబట్టి చేతిబ్రేకు గట్టిగా లాగి ఉంచినా బండి దొర్లుతుంది, జాకీ పడిపోతుంది. కింద మనిషి ఉంటే ప్రాణానికే ముప్పు.

ఇందుకు ఉపాయం కష్టమైనది కాదు. గట్టి చదును నేల చూసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనుకా అడ్డురాళ్లు పెట్టాలి. మన ప్రాంతంలో రాళ్లకు కొరత లేదు; గుండ్రాయి మాత్రం పనికిరాదు, అంచు ఉన్న రాయి కావాలి. ముందు ఇరుసును కూడ కలిపి, హబ్బులు ఉంటే బిగించి ఉంచితే ముందు చక్రాలు కూడ ఆ చేతిబ్రేకు అదుపులోకి వస్తాయి. ఇక బండిని జాకీ మీదనే ఉంచి కిందికి దూరడం ఎన్నడూ పనికిరాదు. ఇరుసు కింద ఇనుప స్టాండ్లు గాని, అడ్డంగా నిలువుగా పేర్చిన బలమైన కొయ్యదిమ్మెలు గాని పెట్టి బరువు వాటి మీదికి దించాలి. ఇటుకలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పగిలేముందు అవి ఏ సూచనా ఇవ్వవు.

నట్లు విప్పేటప్పుడు మరొక మాట. కొన్ని పాత జీపులలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమచేతి మర ఉంటుంది. చక్రం తిరిగే దిశ వలన నట్టు వదులు కాకుండా ఉండడానికి అట్లా చేశారు. అది తెలియక పానా మీద ఎక్కి నిలబడి బోల్టులు తెంపినవారు చాలామంది.

క్రాసులు, షాఫ్టులు

కమానుల మీద ఇరుసు పైకీ కిందికీ ఊగుతూ ఉంటే, ట్రాన్స్‌ఫర్ కేసు కదలకుండా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే షాఫ్టు వంగుతూ తిరగాలి. అందుకని దాని రెండు చివరలా, మన మెకానిక్కులు క్రాసు అని పిలిచే కీలు ఉంటుంది. శాస్త్రగ్రంథాలలో దీనిని హుక్ కీలు అంటారు. స్థితిస్థాపకత పాఠంలో మనకు తెలిసిన రాబర్ట్ హుక్ ఇతడే. ఈ కీలులో ఒక విచిత్రమున్నది. అది వంగి ఉన్నప్పుడు, ఒకవైపు షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా రెండవవైపు షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. వంపు 30 డిగ్రీలైతే వేగం 0.87 రెట్ల నుండి 1.15 రెట్ల వరకు మారుతూ ఉంటుంది. కొసైను విలువ, దాని విలోమం. షాఫ్టు రెండవ చివర కూడ ఇటువంటి కీలునే, తగిన దిశలో అమరిస్తే మొదటిది చేసిన హెచ్చుతగ్గును రెండవది సరిచేస్తుంది. అందుకు షాఫ్టు మీది రెండు కొమ్ముల జతలూ ఒకే తలంలో ఉండాలి.

షాఫ్టు నడుమ ఒకదానిలో ఒకటి జారే పళ్ల భాగం ఉంటుంది. గ్రీసు పెట్టడానికి దానిని లాగి, తిరిగి దూర్చేటప్పుడు ఒక్క పన్ను తప్పినా కొమ్ములు ఒకే తలంలో ఉండవు. అప్పటినుండి బండి వణుకుతుంది. క్రాసులు కొత్తవి వేసినా వణుకు పోదు, అవి మాటిమాటికీ అరిగిపోతాయి. షెడ్డు మీద షెడ్డు మార్చి, గేరుపెట్టెను కూడ విప్పించిన యజమాని ఒకరు ఇటువైపే ఉన్నారు. చివరకు తేలినది ఒక్క పన్ను తేడా. షాఫ్టు విప్పేముందు రెండు భాగాల మీద ఎదురెదురుగా ఉలితో చిన్న గాట్లు పెట్టుకొంటే ఈ తంటా ఉండదు. అరిగిన క్రాసును గుర్తించడం కూడ సులభమే: బండి న్యూట్రలులో, చక్రాలకు అడ్డురాళ్లతో ఉన్నప్పుడు షాఫ్టును చేతితో పట్టి అటూ ఇటూ తిప్పాలి. కొమ్ముకూ క్రాసుకూ మధ్య ఆట కనిపించినా, పక్కన ఎర్రని తుప్పుపొడి కనిపించినా అది మార్చవలసినదే. గ్రీసు గన్నుతో గ్రీసు కొట్టేటప్పుడు పాత గ్రీసు నాలుగు చివరలనుండీ బయటికి వచ్చేవరకు కొట్టాలి. ఒక చివర రాకపోతే అక్కడి సూదిబేరింగు పొడిగా ఉన్నదన్నమాట.

వంక దాటిన తర్వాత

జీపులను లోపలినుండి తినేది నీరు. ఇరుసు పెట్టెలోనికి నీరు ఎట్లా పోతుంది? వేగంగా వచ్చిన బండి ఇరుసులోని నూనె, గాలి 80 డిగ్రీల వరకు వేడెక్కి ఉన్నాయనుకొందాం. బండి వంకలోకి దిగింది. నీరు 30 డిగ్రీలు. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. చార్లెస్, గే లుసాక్ నియమాల ప్రకారం పరమ ఉష్ణోగ్రత 353 నుండి 303కు తగ్గితే పీడనం కూడ అదే నిష్పత్తిలో, అనగా సుమారు 14 శాతం తగ్గుతుంది. ఈ లోటును పూరించడానికి బయటి గాలి రావాలి. అందుకే ఇరుసు పైన చిన్న ఊపిరి రంధ్రం పెట్టారు. అది మట్టితో పూడిపోయి ఉంటే, లోటును పూరించడానికి ఆయిల్ సీలు అంచు నుండి నీళ్లే లోపలికి దూరుతాయి. రంధ్రం తెరిచే ఉండి నీళ్లలో మునిగినా అదే ఫలితం. కాబట్టి వంక ఒడ్డున పది నిమిషాలు బండిని ఆపి చల్లారనిచ్చి దిగడం మంచిది. ఊపిరి రంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి, దాని చివరను బండి పైభాగానికి తెచ్చి కట్టడం ఇంకా మంచిది. ఖర్చు చాలా తక్కువ.

నీరు చేరినదీ లేనిదీ తెలిసికొనడానికి నింపే రంధ్రం మర తీసి వేలు పెట్టి చూడాలి. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసిందన్నమాట. దానిని వెంటనే పూర్తిగా తీసివేయాలి. తీసేటప్పుడు బండిని కొంతదూరం నడిపి, వేడిగా ఉన్నప్పుడు తీస్తే అడుగున చేరిన మడ్డి కూడ వస్తుంది. ఒక చిన్న హెచ్చరిక: మొదట నింపే మర విప్పండి, తర్వాతనే అడుగు మర విప్పండి. నూనె అంతా పారబోసిన తర్వాత నింపే మర తుప్పుపట్టి రాకపోతే బండి కదలదు. తీసిన నూనెను కాలువలో గాని, చేలో గాని పోయకూడదు. డబ్బాలో పట్టి పాత నూనె కొనేవారికి ఇవ్వాలి.

ముందు చక్రాల వద్ద గుండ్రని ఇనుప బంతివంటి భాగం కనిపిస్తుంది. ముందు చక్రం తిరుగుతూ, మలుపు కూడ తీసికొనాలి గనుక అక్కడ లోపల ఒక కీలు ఉన్నది. బంతి చుట్టూ ఉన్న రబ్బరు, నమదా సీలు అరిగితే లోపలి గ్రీసు చక్రం మీదికి కారుతుంది, ఎర్రమట్టి లోపలికి చేరుతుంది. బంతి మీద బురద ఎండి గట్టిపడకముందే తుడిచి, నూనెగుడ్డతో పామితే సీలు కొన్ని సంవత్సరాలు ఎక్కువ వస్తుంది.

బ్రేకులు

ఎక్కలేని బండి ఊళ్లోనే ఉంటుంది. ఆగలేని బండి లోయలో ఉంటుంది. హార్స్‌లీ కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,265 మీటర్లు, మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇటువంటి కొండ మీదినుండి 1,500 కిలోల జీపు 400 మీటర్ల ఎత్తు దిగినదనుకొందాం. వేగం పెరగకుండా దిగితే దాని స్థితిశక్తి, 1,500 × 9.8 × 400, దాదాపు 59 లక్షల జౌళ్లు, వేడిగా మారాలి. అంత వేడి 19 లీటర్ల నీటిని, అనగా ఒక పెద్ద బిందెడు నీళ్లను, గది ఉష్ణోగ్రత నుండి మరిగే స్థితికి తేగలదు. అదంతా బ్రేకు డ్రమ్ములలోనే మిగిలిపోతే, నాలుగింటి ఇనుము కలిపి 30 కిలోలు అనుకొన్నా వాటి ఉష్ణోగ్రత 420 డిగ్రీలకు పైగా పెరగాలి. నిజానికి చాలావరకు గాలికి పోతుంది. అయినా ఎంత మిగులుతుందన్నది డ్రైవరు చేతిలో ఉన్నది. తక్కువ గేరులో దిగితే ఇంజనే బండిని పట్టుకొని, ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని తాను తీసికొంటుంది. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రలు వేసి దిగేవారు ఆ వేడినంతా డ్రమ్ములకే ఇస్తున్నారు.

డ్రమ్ముల పక్కనే బ్రేకు ద్రవం ఉన్నది. పాస్కల్ సూత్రం ప్రకారం పెడలు వద్ద కలిగించిన పీడనం నాలుగు చక్రాలకూ సమంగా పోతున్నదంటే, ద్రవం నొక్కితే కుదించుకుపోదు గనుకనే. మామూలుగా వాడే డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల లోపల మరగకూడదని ప్రమాణం. కాని ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. నూటికి మూడున్నర పాళ్లకు మించి నీరు చేరేసరికి ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. సీసాలో చూస్తే తేడా కనిపించదు. కొండ దిగుతున్నప్పుడు చక్రం వద్ద ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, పెడలు ఆ బుడగలను నొక్కుతుంది గాని బ్రేకును నొక్కదు. పెడలు నేల వరకు పోతుంది. కొంతసేపు ఆపి చల్లారిస్తే ఆవిరి తిరిగి ద్రవమై, బ్రేకు మళ్లీ బాగానే పడుతుంది! "ఏమీ కాలేదు, బాగానే ఉన్నది" అని మెకానిక్కు పరీక్షించి పంపిస్తాడు. ఇది చాలా మోసకరమైన జబ్బు.

పాత జీపులలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే గొట్టపు మార్గం. ఒక్క చక్రం వద్ద సీలు చినిగినా నాలుగు బ్రేకులూ పోతాయి. చాలా పాత జీపులలో మాస్టరు సిలిండరు పెడళ్ల కింద, నేల పలక అడుగున ఉంటుంది. కనిపించదు గనుక దానిని చూసేవారు తక్కువ. నేల పలకలోని మూత తీసి, చుట్టూ ఉన్న మట్టిని పూర్తిగా తుడిచిన తర్వాతనే మర విప్పాలి. ద్రవాన్ని రెండేండ్లకొకసారి పూర్తిగా మార్చాలి. ఇద్దరు మనుషులుంటే ఇంటి వద్దనే చేసికొనవచ్చు. ఒకరు పెడలు తొక్కి పట్టి ఉంచాలి. రెండవవారు చక్రం వద్ద గాలి తీసే చిన్న మరను వదులు చేసి, ద్రవం వచ్చిన తర్వాత బిగించి, "వదలండి" అని చెప్పాలి. మర బిగించకముందు పెడలు వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది. మాస్టరు సిలిండరుకు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మరకు పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని చివరను ద్రవంలో ముంచి ఉంచితే బుడగలు రావడం ఆగిపోయినది కంటికి కనిపిస్తుంది. బ్రేకు ద్రవానికి బదులు ఇంజను నూనెను ఒక్క చుక్క కూడ పోయకూడదు; రబ్బరు భాగాలు ఉబ్బి పట్టేస్తాయి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు గనుక డ్రమ్ములోని పొడిని నోటితో ఊదడం గాని, పొడిగుడ్డతో దులపడం గాని చేయకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయాలి.

బ్రేకు గొట్టాలు తుప్పుపట్టినా, మాస్టరు సిలిండరు లోపలి గోడ గీతలు పడినా ఆ పని మాత్రం అనుభవజ్ఞుడికే అప్పగించండి. ఇంటి పని ఎక్కడ ఆగాలో తెలియడం కూడ ఈ విద్యలో భాగమే.

దుమ్ము, నీరు

ఇక ఇంజను విషయం. మన ప్రాంతపు నేల గ్రానైటు రాయి అరిగి ఏర్పడినది. దాని దుమ్ములో స్ఫటికపు రేణువులుంటాయి. మోస్ కాఠిన్యమానంలో స్ఫటికం 7వది, ఇంజను సిలిండరు ఇనుము కంటె కఠినం. గాలితో లోపలికి పోతే ఆకురాయిలాగా పనిచేస్తుంది. పాత జీపులలో దీనికి నూనెతొట్టి ఉన్న గాలి శుద్ధి యంత్రం ఉన్నది. లోపలికి వచ్చే గాలి నూనె ఉపరితలం వద్ద ఒక్కసారిగా వెనుదిరుగుతుంది. తేలికైన గాలి తిరుగుతుంది. బరువైన దుమ్ము రేణువు జడత్వం వలన తిన్నగా పోయి నూనెలో పడుతుంది. ఎంత చక్కని ఉపాయం! కాని తొట్టి అడుగున బురద పేరుకొంటే ఉపాయం పనిచేయదు. ఎండకాలంలో మట్టిదారులలో తిరిగే బండికి వారానికొకసారి తొట్టిని విప్పి, కిరసనాయిలుతో కడిగి, గీత వరకు నూనె పోయాలి. గీతకు మించి పోస్తే ఇంజను ఆ నూనెను పీల్చుకొంటుంది.

రేడియేటరులో బోరునీళ్లు పోయవద్దు. కఠిన జలంలోని లవణాలు వేడికి పాలుగా పేరుకొని, రాగి గొట్టాలకు లోపల రాతి పొర కడతాయి. రాగి కంటె ఈ పొర ఉష్ణవాహకత్వం కొన్ని వందల రెట్లు తక్కువ. వానకాలంలో మిద్దెమీది నీళ్లు మొదటి జల్లు వదలి పట్టుకొంటే సంవత్సరానికి సరిపోతాయి. తుప్పు పట్టనివ్వని ద్రవాన్ని వాటిలో కలపాలి. మదనపల్లె ఎత్తున మూతలేని పాత్రలో నీరు 98 డిగ్రీల లోపలే మరుగుతుందని గుర్తుంచుకొని, రేడియేటరు మూత పీడనాన్ని సరిగా నిలుపుతున్నదో లేదో చూడాలి. వేడిగా ఉన్నప్పుడు ఆ మూతను ముట్టుకోవద్దు.

పెట్రోలు ఇంజనైతే కాంటాక్టు పాయింట్ల మధ్య సందు 0.5 మిల్లీమీటరు, ప్లగ్గు సందు 0.75 మిల్లీమీటరు. డీజిలు ఇంజనైతే నీరు వడగట్టే గిన్నెను నెలకొకసారి ఖాళీ చేయాలి.

పని ముగిసిన తర్వాత చదును దారిలో మెల్లగా ఐదు కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువగా వేయకుండా ఆపి, నాలుగు హబ్బుల దగ్గరా చేతి వెనుకభాగాన్ని ఉంచి చూడండి. మూడింటికంటె ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బేరింగు బిగువై ఉండాలి, లేదా బ్రేకు షూ రాసుకొంటూ ఉండాలి. చక్రాన్ని లేపి చేత్తో తిప్పితే రెండింటిలో ఏదో తెలిసిపోతుంది: గరగరమంటూ చుట్టంతా ఒకేలాగ బరువుగా తిరిగితే బేరింగు, ఒకచోట మాత్రమే రాసుకొంటున్న చప్పుడు వస్తే బ్రేకు షూ. తేదీ, మీటరు సంఖ్య, చేసిన పని ఒక పుస్తకంలో వ్రాసి ఆ పుస్తకాన్ని బండిలోనే ఉంచండి. సొంత బండ్లకు పదిహేనేండ్లు నిండిన తర్వాత ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగింపునకు తనిఖీ ఉంటుంది. పోయినసారి బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చారని అక్కడ అడిగితే చూపడానికి ఆ పుస్తకమే ఆధారం.